గెలిచినవాళ్ళు కమలాపండు ఒలవాలి

ఢిల్లీలో చలి మొదలైన మొదటి వారం ప్రతి ఇంట్లోనూ ఒకటే పని. పెట్టెల అడుగునుంచి రజాయిలు తీసి ఎండకి వెయ్యాలి. మయూర్ విహార్‌లో మా సొసైటీకి ఆ వారం ఎవరైనా కొత్తగా వస్తే, ప్రతి బాల్కనీ నుంచీ ఇల్లు నాలుక బయటపెట్టినట్టు ఎర్రవీ పచ్చవీ బొంతలు వేలాడుతూ కనిపిస్తాయి. నేనూ మంచం కిందనుంచి నల్ల ఇనప పెట్టె లాగాను. మూత మీద తెల్ల పెయింటుతో నాన్న పేరు, ర్యాంకు, నంబరు ఇంకా ఉన్నాయి. నాన్న ఆర్మీలో రిటైరై విశాఖపట్నంలో ఫ్లాటు తీసుకున్నప్పుడు, "ఢిల్లీ చలి సామాను ఢిల్లీలోనే ఉండనీ" అని పెట్టె నాకు వదిలేశారు. రజాయిల కింద అమ్మ అల్లిన మెరూన్ స్వెట్టర్ ఒకటుంది, ఇప్పుడు నా భుజాలకి పట్టదు. దాని చేతిలో గట్టిగా ఏదో తగిలింది. దులిపితే ఒళ్ళో పడింది, మా టీవీ గేమ్ రిమోటు. కంట్రోలర్ అనే మాట అప్పట్లో మాకు తెలీదు. నాలుగు బటన్లలో ఎర్రది నొక్కితే లోపలికెళ్ళి, బద్ధకంగా, ఆలోచించుకుని మరీ పైకొచ్చింది. అదే కిక్కు, తన్నే బటను. ఇన్నేళ్ళయినా అంతే. ముక్కు దగ్గర పెట్టుకున్నాను. నాఫ్తలీన్ ఉండల వాసన కింద ఎక్కడో కమలాతొక్క వాసన ఉన్నట్టే అనిపించింది. లేదేమో, నేనే తెచ్చుకున్నానేమో.

అదే గదిలో, ఆ పెట్టెకి సరిగ్గా పైన, అటక మీద సూట్‌కేసుల వెనక, మా అమ్మాయి నిత్య ఆడే వీడియో గేమ్ దాచి ఉంది. రెండు రోజుల కిందటే వైర్లు చుట్టి నేనే పెట్టాను. నిత్యకి తొమ్మిదేళ్ళు. కింద పార్కులో, ఉయ్యాల వంతు దగ్గర మాటా మాటా పెరిగి, మూడో అంతస్తు ఆన్యని మోకాలి కింద తన్నింది. మామూలుగా తన్నలేదు. ఒక కాలి మీద గిర్రున తిరిగి, ఆటలో మనిషి తన్నినట్టు తన్నింది. సాయంత్రం ఆన్య వాళ్ళమ్మ పిల్లని వెంటబెట్టుకొచ్చి పైజమా పైకెత్తి చూపించింది. నేరేడుపండంత మచ్చ. "నిత్య మమ్మీ, నేను గొడవకి రాలేదు," అందావిడ హిందీలో, చాలా మర్యాదగా. "కానీ అది తన్నాక నవ్విందట. అది చెబుదామని వచ్చాను." తన్నడం కంటే ఆ నవ్వే నాకు మింగుడు పడలేదు. మా ఆయన గురుగ్రామ్ నుంచి ఆఫీసు క్యాబ్‌లో వచ్చేసరికి నిర్ణయం అయిపోయింది. "శనివారం ఎవరికైనా ఇచ్చెయ్. ఈ ఇంట్లో ఆ ఆట ఉండదు," అన్నాను. బూట్లు విప్పుతూ, "ఒక ఆటే కదా!" అన్నాడు. "ఆటా? మనిషిని మనిషి రెండు ముక్కలు చేస్తాడు. నువ్వెప్పుడైనా పక్కన కూర్చుని చూశావా?" అంటే బూట్లు బయట పెట్టడానికి వెళ్ళాడు. అప్పటికి నేను కూడా చూడలేదని నాకు తట్టలేదు. వంటింట్లోంచి శబ్దాలు విని భయపడటమే నేను చేసింది.

రిమోటు చేతిలో పెట్టుకుని నేలమీదే కూర్చుండిపోయాను. నేను పెరిగింది ఢిల్లీ కంటోన్మెంటులో, నాన్నలు లేని కాలనీలో. ఫీల్డ్ పోస్టింగుకి వెళ్ళిన జవాన్ల భార్యాపిల్లల కోసం కట్టిన క్వార్టర్లవి. పసుపు గోడలు, ఆకుపచ్చ తలుపులు, ప్రతి తలుపు వెనకా ఒక తల్లి. మగ గొంతు వినబడిందంటే ఎవరి నాన్నో సెలవు మీద వచ్చినట్టు, మేం పిల్లలందరం వెళ్ళి గుమ్మంలో నిలబడి ఆయన్ని చూసేవాళ్ళం. శ్రీకాకుళం పల్లెనుంచి సరాసరి అక్కడికొచ్చిన మా అమ్మ, చలికి భయపడి మొదటి ఏడాదంతా ఇంట్లో కూడా మఫ్లర్ కట్టుకుని తిరిగిందట. నాకు తెలిసేసరికి ఆమె ఆ కాలనీకి గడియారం. తెల్లారకుండానే డబ్బా పట్టుకుని పాల బూత్ దగ్గర నిలబడేది. తర్వాత చారులో ఇంగువ, పక్కింటి బల్బీర్ ఆంటీ వంటింట్లోంచి ఆవనూనె పొగ. ఆ రెండూ మా వరండాలో కలిసేవి. ఈ రోజుకీ ఎక్కడైనా ఆ రెండు వాసనలూ కలిసొస్తే నా కాళ్ళకి స్కూలు బూట్లు తొడిగినట్టుంటుంది. మధ్యాహ్నం గిన్నెలు కడిగేశాక ఆడవాళ్ళంతా గడ్డి మీద నులకమంచాలు వేసుకుని, ఎండకి వీపు పెట్టి అల్లుకునేవాళ్ళు. ఒళ్ళో ఊలు, పక్కన వేరుశనక్కాయలు, కమలాపళ్ళు. ఆదివారం మాత్రం అల్లికలుండేవి కావు. ఆదివారం నాన్నల ఫోన్లొచ్చే రోజు. మా వరసలో ఫోను బల్బీర్ ఆంటీ ఇంట్లోనే ఉండేది. అమ్మ తలంటుకుని, మంచి చీర కట్టుకుని, వాళ్ళ సోఫా చివర కూర్చునేది. ఫోనులో మనిషి కనబడడని ఆమెకి తెలియక కాదు.

ఆర్మీ ఇళ్ళలో ఒక పద్ధతుంది. పోస్టింగు ఆర్డరు వచ్చిందంటే, పెట్టెల్లో పట్టనివన్నీ ఇరుగుపొరుగుకి పంచేసి వెళ్ళిపోతారు. తులసి కుండీ ఒకరికి, పరదాలు ఒకరికి, పిల్లల సైకిలు ఒకరికి. ఎదురింటి మలయాళీ కుటుంబం వెళ్తూ వెళ్తూ మాకిచ్చింది ఆ టీవీ గేమ్. రెండు రిమోట్లు, ఒకే ఒక్క క్యాసెట్టు. అందులో ఉన్నది ఆ కొట్లాట ఆట. ఇద్దరు మనుషులు ఎదురెదురుగా నిలబడి, ఒకరు పడేదాకా కొట్టుకోవడం, అంతే. ఇనప పిడికిళ్ళ సన్యాసి, నిప్పులు ఊదే ముసలాడు, జడ చివర కత్తి కట్టుకున్న ఒకామె. దెబ్బ పడ్డప్పుడల్లా రక్తం చిమ్మేది, అది కూడా రక్తం రంగులో కాదు, టమాటా సాస్ రంగులో. మొదటి రోజు చూసి అమ్మ పరుగున వచ్చి టీవీ మీద తువ్వాలు కప్పేసింది. "ఏటే ఇది! మనుషుల్ని కోసీసుకుంటన్నారు! అక్కడ మీ నాన్న తుపాకి పట్టుకుని చలిలో నిలబడితే, ఇక్కడ మీకిది ఆటా?" అంది. ఆ తువ్వాలు తీసింది బల్బీర్ ఆంటీ. ఆవిడ ఒకచేత్తో రిమోటు, ఒకచేత్తో పరాఠా పట్టుకుని, పంజాబీలో తిడుతూ, పగలబడి నవ్వుతూ ఆడేది. "ఆ జా, ఆ జా, రా చెల్లీ, ఒక్కసారి పట్టుకో. ఇందులో చచ్చినవాళ్ళు మళ్ళీ లేస్తారు. ఇలాంటిది ఎక్కడ దొరుకుతుంది?" అంటూ అమ్మ చేతిలో రిమోటు పెట్టింది. అమ్మ ముగ్గురినీ చూసి, జడామె మీద వేలు పెట్టింది. "ఇది మా పెద్దాడపడుచులాగుంది. దీన్నే తీసుకుంటాను. దెబ్బలు తిన్నా నాకు బాధుండదు," అంది.

తర్వాత జరిగింది ఎలా చెప్పాలో నాకిప్పటికీ సరిగా తెలీదు. మా అమ్మని ఎవరూ ఓడించలేకపోయారు. మేం పిల్లలం నాలుగు బటన్లూ ఒకేసారి బాదేవాళ్ళం. అమ్మ బాదేది కాదు. వెనక్కి వెనక్కి జరిగి, కాచుకుని, అవతలివాడి చెయ్యి లేచేముందు వచ్చే చిన్న ఊపిరి శబ్దం కోసం చెవి పెట్టేది. అలాంటి శబ్దం ఒకటుందని ఆమె చెప్పేదాకా మాకు తెలీదు. దెబ్బల వరస ఆమె ఇంగ్లీషులో చదివి నేర్చుకోలేదు. అల్లికలా నేర్చుకుంది. బల్బీర్ ఆంటీ దగ్గర నేర్చిన అల్లిక లెక్కలో ముందు బటను సీధా, అంటే తిన్నని కుట్టు, వెనక బటను ఉల్టా, తిరగేసిన కుట్టు. "సీధా, సీధా, ఉల్టా... సీధా, ఉల్టా, ఒక కుట్టు వదిలీ..." అని పెదాల కింద గొణుక్కునేది. ఆ వదిలిన కుట్టు దగ్గర జడ గిర్రున తిరిగి అవతలివాడు గాల్లోకి లేచేవాడు. కళ్ళు తెర మీదుంటే, వేళ్ళు వాటి పాటికి ఊలు తీసుకున్నట్టు కదిలేవి. పదేళ్ళ పిల్లనై ఆమె పక్కన కూర్చుని, దేవుడి గదిలో కూడా కలగని భయభక్తులతో ఆ వేళ్ళని చూసేదాన్ని. ఆ ఆటలో గొప్ప అదే. ఎదురుగా ఎంత లావువాడున్నా ఇద్దరికీ ఒకే కొలత ప్రాణం, ఒకే సమయం. ఓపికున్న మనిషికి అది దారిచ్చేది. మా అమ్మకి అంత సమానంగా దారిచ్చిన చోటు అప్పటికి ఇంకొకటి ఉందనుకోను.

చిరాకులు లేకపోలేదు. కరెంటు పోతే అంతా మొదటికొచ్చేది. క్యాసెట్టు తీసి ఊదితేగానీ ఆడేది కాదు. దెబ్బ దెబ్బకీ ఒకే గొంతు ఒకే కేక వేసేది. జడామెకి కుట్టిన బట్టలు చూసి అమ్మ ప్రతిసారీ, "పాపం, దానికి చలేస్తాది," అనేది. ఆఖర్న సింహాసనం మీదనుంచి లేచి వచ్చే రాజు మరీ అన్యాయం. మనం బటను నొక్కకముందే వాడికి తెలిసిపోయేది. అప్పటిదాకా కాలనీలో ఒక్కరూ వాణ్ణి ఓడించలేదు. అన్నిటికంటే చిరాకు అమ్మ తెచ్చిపెట్టింది. ఓడినవాడు తూలుతూ నిలబడ్డప్పుడు తెర చీకటై, ఆఖరి దెబ్బ వెయ్యడానికి కొన్ని క్షణాలు ఇస్తుంది. ఆ దెబ్బ చూడటానికే మేమందరం మూగేవాళ్ళం. అమ్మ ఆ క్షణాల్లో రిమోటు ఒళ్ళో పెట్టేసుకునేది. తూలేవాడు కాసేపు తూలి, వాడంతట వాడే కూలిపోయేవాడు. "అమ్మా! వెయ్యవే!" అని మేం గోల పెడితే, "ఓడిపోనాడు కదా, ఇంకేటి?" అని ఊలు అందుకునేది.

ఇక కమలాపండు సంగతి. అదెలా మొదలైందో నేను మర్చిపోయాను. పూర్తిగా, హాయిగా మర్చిపోయాను. రిమోటు దొరికిందని బాల్కనీలో రజాయిల మధ్య నిలబడి అమ్మకి ఫోన్ చేస్తే ఆమె గుర్తుచేసింది.

"దొరికిందా? కిక్కు పనిచేస్తందా?" అనడిగింది మొదట.

"ఇంకా అతుక్కుంటోంది."

"అతుక్కోదేటి మరి. మీరు తిన్న పళ్ళ రసమంతా అందులోనే ఉంది."

నిత్య సంగతి చెప్పాను. తన్నిందని, నవ్విందని, ఆట ఇచ్చేస్తున్నానని. "దాన్ని ఎలా పెంచుతున్నానో నాకే తెలీట్లేదమ్మా. చిన్నప్పుడు నేనెప్పుడూ ఇలాంటివి చెయ్యలేదు," అన్నాను.

అవతల అమ్మ నవ్వు ఆపుకోలేకపోయింది. "చెయ్యలేదా? పింకీ జడ పీకీసినావు కదే! చేతిలోకి ఊడొచ్చీసింది ఇంత వెంట్రుక! పీకీసి, జడామె కత్తి ఊడిపోయిందని గెంతినావు."

పింకీ బల్బీర్ ఆంటీ కూతురు. అప్పుడు అంతా ఒక్కసారి వచ్చింది. పింకీ చేతిలో వరసగా మూడుసార్లు ఓడిపోయాను. మూడోసారి అది ఆఖరి దెబ్బ కూడా వేసింది. నేను రిమోటు విసిరేసి దాని జడ పట్టుకున్నాను. అది ఏడవడం, నేను నవ్వడం. నవ్వుతూనే నా చేతులు ఎందుకు వణుకుతున్నాయో నాకర్థం కాలేదు. అమ్మ నన్ను కొట్టలేదు, తువ్వాలూ కప్పలేదు. మా ఇద్దరినీ గడ్డి మీద ఎదురెదురుగా కూర్చోబెట్టి, పింకీ చేతిలో ఒక పండు పెట్టింది. "ఒలిచి దీనికి పెట్టు," అంది తన అరకొర హిందీలో. పింకీ ముక్కు ఎగబీలుస్తూ, "జడ లాగింది అది, పండు నేనెందుకు ఒలవాలి?" అంది. న్యాయమైన ప్రశ్నే. బల్బీర్ ఆంటీకి కూడా కోపమొచ్చినట్టే ఉంది. అమ్మ నా రెండు చేతులూ పట్టుకుని పింకీకి చూపించింది. "చూడు. ఓడిపోయినోళ్ళ చేతులు వణుకుతాయి. తొక్క తీసుకోలేరు. గెలిచినోళ్ళే తియ్యాలి. జడ లాగినందుకు రేపు నీ జడ ఇదే వేస్తాది, అది వేరే సంగతి." ఆ రోజునుంచి మా కాలనీలో అది చట్టం. ఎవరు గెలిచినా, పెద్దా చిన్నా లేదు, ఓడినవాళ్ళకి పండు ఒలిచి, పీచు కూడా తీసి, తొనలు అరచేతిలో పెట్టాలి. చలికాలమంతా మా అమ్మ గోళ్ళు పసుపుపచ్చగానే ఉండేవి.

ఒకసారి రెండు ఆదివారాలు నాన్న ఫోను రాలేదు. నాన్న పోస్టింగున్న వైపు మంచు చరియలు జారాయని రేడియోలో ఒక ముక్క విన్నారెవరో. ఆ ముక్క ఒక్కొక్క గుమ్మమే దాటుకుంటూ మా గుమ్మం దాకా వచ్చి ఆగింది. అమ్మ ఎవర్నీ ఏమీ అడగలేదు. పాలకి వెళ్ళింది, చారు పెట్టింది, నా జడ వేసింది. బాగా బిగించి వేసింది, కళ్ళు లాగేసినట్టు. రెండో ఆదివారం మర్నాడు, మధ్యాహ్నం, అల్లిక తీసుకుని బయటికి వెళ్ళకుండా టీవీ ముందు కూర్చుంది. ఒక్కర్తే, యంత్రంతోనే పోటీ. సన్యాసిని ఓడించింది. నిప్పుల ముసలాణ్ణి ఓడించింది. బల్బీర్ ఆంటీ తలుపు దగ్గరికొచ్చి, చెప్పులు విడిచి నా పక్కన కూర్చుంది. సింహాసనం మీది రాజు లేచాడు. ఆ రోజు సీధా లేదు, ఉల్టా లేదు, అమ్మ పెదాలు కదలనే లేదు. ఎన్నిసార్లు పడిందో, ఎన్నిసార్లు మొదటినుంచి ఆడిందో! కిక్కు బటను అతుక్కుంటే బొటనవేలి గోటితో పైకి లాగి మళ్ళీ నొక్కేది. ఎండ గోడ దిగి వెళ్ళిపోయింది. ఎప్పుడో రాజు తూలాడు. తెర చీకటైంది. ఇప్పుడు రిమోటు ఒళ్ళో పెట్టేసుకుంటుందనుకున్నాను. పెట్టలేదు. ఆఖరి దెబ్బ వేసింది. జడ కత్తి ఈ చివరనుంచి ఆ చివరకి వెళ్ళింది. రాజు మీద ఆ దెబ్బ ఎలా ఉంటుందో కాలనీ మొత్తంలో అమ్మ కాక మేమిద్దరమే చూశాం. బల్బీర్ ఆంటీ నా కళ్ళు మూయబోయి, తన నోరే మూసుకుంది.

అమ్మ రిమోటు కింద పెట్టింది. తర్వాత లేచి, బుట్టలోంచి ఒక కమలాపండు తీసింది. ఒలిచింది. చేతులు అస్సలు వణకలేదు, అది నాకు బాగా గుర్తు. పీచు తీసి, తొనలు విడదీసి, చిన్న ప్లేటులో సర్ది, టీవీ నెత్తిన పెట్టింది. ఓడినవాడికి. చట్టం చట్టమే కదా. నేను నవ్వబోతే బల్బీర్ ఆంటీ నా మోచెయ్యి గట్టిగా పట్టుకుంది. అప్పుడు చూశాను, ఆవిడ కళ్ళు నిండిపోయి ఉన్నాయి.

ఆ తర్వాతి ఆదివారం ఫోను మోగింది. "ఏటే, ఎలాగున్నారు?" అన్నారు నాన్న. "బాగున్నాం. మీరు తిన్నారా?" అంది అమ్మ. అంతే. నెలల తర్వాత సెలవు మీద వచ్చినప్పుడు నాన్న కూడా ఆట ఆడారు. ప్రతిసారీ ఓడిపోయారు. నిజం యుద్ధానికి వెళ్ళే మనిషి ఆటలో ఇంత చవటేమిటని నాకు సిగ్గేసేది. ఓడినప్పుడల్లా అమ్మ ఒలిచిపెడితే తింటూ, "ఇందుకే ఓడిపోతన్నాను," అని నవ్వేవారు. ఆ ఏడాది మంచులో ఆయన కుడిచేతి రెండు వేళ్ళ కొసలకి స్పర్శ పోయిందని నాకు చాలా ఏళ్ళకి తెలిసింది. ఆయన బటనూ నొక్కలేరు, తొక్కా తియ్యలేరు. ఆ సంగతి అమ్మ ఎవరికీ చెప్పాల్సిన అవసరం లేకుండా మా ఇంట్లో ఆ చట్టం సరిపోయింది.

"అయితే ఇప్పుడు దాన్ని ఎవరితో ఆడిస్తన్నావు?" అంది అమ్మ ఫోనులో.

"ఎవరితోనో. ఇంటర్నెట్టులో ఉంటారు."

"ఎవరితోనో అంటే?"

"తెలీదమ్మా. ఏ దేశంవాళ్ళో. చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టుకుని ఆడుతుంది."

"మరి పండు ఎవరికి ఒలుస్తాది?"

ఆ సాయంత్రం అటక మీదనుంచి గేమ్ దించాను. నిత్య నన్ను నమ్మలేదు. "సచ్చీ, మమ్మా? ఆప్ ఖేలోగే?" అని మూడుసార్లు అడిగింది, నిజంగా నువ్వే ఆడతావా అని. మొదటిసారి పక్కన కూర్చుని చూశాను. ఎంత అందంగా ఉందో ఆ ఆట! వానపడ్డ రాతి అంగణం, తడిలో దీపాల నీడ, మనుషుల బట్టల మడతలు, దెబ్బకి ముందు ఆ చిన్న ఊపిరి. అది ఇప్పటికీ ఉంది. చిరాకులూ ఉన్నాయి. అప్‌డేట్ అంటూ అరగంట తిప్పింది, ప్రతి మలుపులో ఆటలో మనుషులకి కొత్త బట్టలు కొనమంది, ఆడమనుషులకి ఇప్పటికీ చలే. నిత్య చెప్పింది, ఓడిపోతుంటే అవతలివాళ్ళు మధ్యలో వదిలేసి పోతారట, కొందరు బూతులు తిడతారట. "అందుకే హెడ్‌ఫోన్ సౌండ్ తగ్గించేస్తాను," అంది, అదేదో మామూలు విషయంలా. నేను దెబ్బల శబ్దానికి భయపడుతూ వంటింట్లో నిలబడ్డ రోజుల్లో, నా పిల్ల ఓడిపోయి, వణికే చేతులతో, ముఖంలేని వాళ్ళ బూతులు వింటూ ఒక్కర్తీ కూర్చుంది.

నన్ను నిమిషంలో ఓడించింది. ఆఖరి దెబ్బ వేసింది. నేను కళ్ళు మూసుకున్నాను. తెరిచేసరికి నా చేతులకేసి చూస్తోంది. "మమ్మా, నీ చేతులు వణుకుతున్నాయి," అంది, తెలుగులో. ఏ భయమొచ్చినా దానికి తెలుగొస్తుంది. బుట్టలోంచి పండు తెమ్మన్నాను. ఎందుకో చెప్పాను. పింకీ జడ సంగతితో సహా చెప్పాను. తొక్క ముక్కలు ముక్కలుగా పీకి, సగం తొనలు నలిపేసి, నా చేతిలో పెట్టింది. "పార్కులో ఆన్యకి కూడా వణికాయి. నాకు కూడా," అంది. "మరి నవ్వావట?" అంటే, "పతా నహీ, తెలీదు," అని తల దించుకుంది. నాకు తెలుసు. ఆ నవ్వు నాకు తెలుసు.

ఆట ఎవరికీ ఇవ్వలేదు. హెడ్‌ఫోన్లు మాత్రం నల్ల పెట్టెలో, మెరూన్ స్వెట్టర్ చేతిలోకి వెళ్ళాయి. పక్కన మనిషి లేకుండా ఆడకూడదని కొత్త చట్టం. నాకు భయం పోయిందని చెప్పను. రక్తం వచ్చినప్పుడు ఇప్పటికీ వేరేవైపు చూస్తాను. నిత్య వెళ్ళి ఆన్యకి సారీ చెప్పింది. వాళ్ళమ్మ రెండు వారాలు ఆలోచించి, ఈ రోజు మధ్యాహ్నం ఒక గంటకని పిల్లని పైకి పంపింది. నేను వంటింట్లో చారులో ఇంగువ వేస్తూ, చెవులు హాల్లో పెట్టి నిలబడ్డాను. బటన్ల టకటక, ఒక అరుపు, తెర చీకటైనప్పుడు వచ్చే ఆ ఉరుము. తర్వాత నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దంలో నేను గరిటె పట్టుకునే స్టవ్ ఆపేశాను. గుమ్మంలో ఆన్య నిలబడింది.

"ఆంటీ, సంత్రా హై క్యా?" అంది, కమలాపండు ఉందా అని.

ఎవరు గెలిచారని అడగక్కర్లేదు. దాని భుజం మీదుగా చూస్తే, నిత్య సోఫాలో రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని, గోడకేసి చూస్తూ కూర్చుంది. బుట్టలోంచి పండు తీశాను. అలవాటుగా గోరు దించబోయి, ఆగి, తొక్కతోనే ఆన్య చేతిలో పెట్టాను.